తుపాకీ గుర్తుంది, ఓటు గుర్తులేదు

చట్టసభల్లో స్త్రీల ప్రాతినిధ్యం గురించి ఈ సంచికను తీసుకురావాలని అనుకున్నాక, హనుమకొండలో ఒకరోజు చర్చా సమావేశం జరుపుకున్నాం. చుట్టుపక్కల మండలాల నుంచి వార్డు సభ్యులుగా, సర్పంచులుగా పనిచేసిన స్త్రీలు పాతికమంది దాకా వచ్చారు. ఎవరి అనుభవాలు వాళ్లు చెప్పుకుంటున్నప్పుడు నడివయసు దాటిన ఒక వార్డు సభ్యురాలు లేచి, "మేడం, తీర్మానం బుక్కుల నేను శానసార్లు సంతకం పెట్టిన. దేనికి పెట్టిన్నో ఒక్కపారి గూడ నాకు సదివి చెప్పలే" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్విన వాళ్లలో సగం మందిది అదే అనుభవమని తర్వాత మాటల్లో తెలిసింది.

మధ్యాహ్నం నేను మల్లు స్వరాజ్యం ప్రస్తావన తెచ్చాను. ఆమె పేరు వినని వాళ్లు ఆ గదిలో లేరు. "తుపాకి పట్టిన ఆమె గదా" అన్నారు ఒకరు. "ఆమె తలమీద పదివేలు పెట్టిన్రట" అన్నారు ఇంకొకరు. ఆమె అసెంబ్లీలో ఆరేళ్లకు పైగా సభ్యురాలిగా ఉన్నారని ఎవరికైనా తెలుసా అని అడిగాను. ఒక్క చెయ్యి కూడా లేవలేదు. వాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు. స్త్రీల ఉద్యమాల మీద పదిహేనేళ్లుగా రాస్తున్న నేను కూడా ఆమె గురించి రాసిన ప్రతిచోటా ఆ ఆరేళ్లను ఒక్క వాక్యంలో దాటేశాను. ఆ దాటవేత ఎక్కడినుంచి వస్తున్నదో, దాని వల్ల మనం ఏం పోగొట్టుకుంటున్నామో పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు.

స్వరాజ్యం 1931లో నల్లగొండ జిల్లా కరివిరాల కొత్తగూడెంలో ఒక భూస్వామి కుటుంబంలో పుట్టారు. పదకొండేళ్ల వయసులో, వెట్టికి వ్యతిరేకంగా ఆంధ్ర మహాసభ ఇచ్చిన పిలుపు విని, ఇంటి పెద్దలు కాదంటున్నా కూలీలకు బియ్యం పంచారు. తర్వాత సాయుధ పోరాటంలో పనిచేశారు. ఆమెను పట్టిచ్చిన వారికి పదివేల రూపాయలు ఇస్తామని ప్రకటించారు. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. ఇంతవరకు కథ మనందరికీ తెలుసు. దీని తర్వాత కథ 1978లో మొదలవుతుంది. ఆ ఏడు ఆమె సీపీఎం అభ్యర్థిగా తుంగతుర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. పాత వరంగల్ జిల్లాకు ఆనుకొని ఉన్న నియోజకవర్గం అది. 1983లో తెలుగుదేశం గాలి రాష్ట్రమంతా వీచినప్పుడు కూడా అక్కడ ఆమే గెలిచారు. 294 మంది ఉన్న ఆ సభలో ఆమె పార్టీకి దక్కిన స్థానాలు ఐదు మాత్రమే. ఆ ఐదింటిలో తుంగతుర్తి ఒకటి. ఆమె 2022 మార్చి 19న కన్నుమూసినప్పుడు ఊరూరా సంతాపసభలు జరిగాయి, పత్రికలు పేజీలు కేటాయించాయి. వాటిలో ఎక్కువ భాగం 1951కి ముందటి స్వరాజ్యం గురించే.

ఇక్కడ ఒక పోలిక చెప్పకుండా ఉండలేను. మా జిల్లా నర్సంపేట నుంచి 1972 మొదలు 1989 దాకా ఐదు ఎన్నికల్లో గెలిచిన మద్దికాయల ఓంకార్ గారు 1978లో స్వరాజ్యంతో పాటు అదే పార్టీ తరఫున, అదే సభలోకి వచ్చారు. ఆయనను ఇవాళ్టికీ "అసెంబ్లీ టైగర్" అని పిలుస్తారు. ఆ పేరుకు ఆయన అర్హులే. అయితే ఒకే సభలో, ఒకే పార్టీ బల్లల మీద కూర్చున్న ఇద్దరిలో పురుషుడికి సభలో చేసిన పని గుర్తింపుగా మిగిలింది. స్త్రీకి సభలోకి రావడానికి పాతికేళ్ల ముందు చేసిన సాహసం మిగిలింది. ఆలేరు నుంచి 1952, 1957, 1962లలో మూడుసార్లు గెలిచిన ఆరుట్ల కమలాదేవి గారి విషయంలో కూడా ఇదే జరిగింది. మూడుసార్లు శాసనసభ్యురాలు అన్న మాట ఆమె గురించి రాసిన వ్యాసాల్లో చివరి పేరాలో వస్తుంది. స్త్రీ ధైర్యాన్ని మెచ్చుకోవడానికి మన సమాజానికి పెద్ద అభ్యంతరం లేదు. ఆ ధైర్యం అప్పుడప్పుడు, అవసరం పడినప్పుడు బయటపడేది. స్త్రీకి ఒక రాజకీయ అభిప్రాయం ఉంటుందని, దాన్ని బట్టి ఆమె చట్టాలకు అవుననో కాదనో అంటుందని ఒప్పుకోవడం మాత్రం కష్టం. 2019లో వచ్చిన తన ఆత్మకథకు ఆమె పెట్టుకున్న పేరు "నా మాటే తుపాకీ తూటా". మనం మాటను వదిలేసి తుపాకీని ఉంచుకున్నాం.

ఆమె రాజకీయాల్లో దాపరికం లేదు. ఆమె మార్క్సిస్టు. స్త్రీల సమస్యను భూమి నుంచి, కూలి నుంచి, వెట్టి నుంచి విడదీసి చూడలేదు. సంఘం లేకుండా స్త్రీకి బలం లేదని నమ్మారు. 1990లలో సారా వ్యతిరేక ఉద్యమం వచ్చినప్పుడు వృద్ధాప్యాన్ని లెక్కచేయకుండా పాల్గొన్నారు. స్త్రీవాదులుగా మనకు ఈ దృక్పథంతో విభేదాలు ఉన్నాయి. వర్గపోరాటం ముగిసేదాకా ఇంట్లో పితృస్వామ్యం ఆగాలా అన్న ప్రశ్నను మనం 1980ల నుంచి వామపక్షాలను అడుగుతూనే ఉన్నాం. కానీ విభేదించాలన్నా, సమర్థించాలన్నా ఆమె శాసనసభ్యురాలిగా ఏ పక్షాన నిలబడ్డారో తెలియాలి కదా.

ఆమె కూర్చున్న సభలు సామాన్యమైనవి కావు. 1978 మార్చిలో కొత్త ప్రభుత్వం వచ్చిన నెలలోనే హైదరాబాదు నల్లకుంట పోలీసుస్టేషనులో ఒక స్త్రీ మీద పోలీసులు జరిపిన అత్యాచారం, ఆమె భర్త మరణం రాష్ట్రాన్ని కుదిపేశాయి. ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్ కమిషన్‌ను వేయక తప్పలేదు. మన రాష్ట్రంలో స్త్రీవాద ఉద్యమం ఊపిరి పోసుకున్న ఘటనల్లో అదొకటి. 1984 జనవరిలో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. భూమి రికార్డు ఎవరి చేతిలో ఉంటే ఊరు వాళ్లదే అయిన తెలంగాణలో అది ఎంత పెద్ద మార్పో చెప్పనక్కరలేదు. అదే ఏడు ఆగస్టులో ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని గవర్నరు బర్తరఫ్ చేయడం, సెప్టెంబరు 20న ఆయన తిరిగి సభలో బలం నిరూపించుకోవడం జరిగాయి. ఆ సంక్షోభంలో వామపక్షాలు ఆయన వైపు నిలిచాయి. ఇంత జరిగిన సభలో ఒక సభ్యురాలి పాత్రను మనం ఎలా తెలుసుకుంటాం? సభ చర్చల సంపుటాల్లో ఎవరు ఏం మాట్లాడారో ఉంటుంది. ఎవరు ఏ బిల్లుకు ఓటేశారో దాదాపుగా ఉండదు. ఎందుకంటే మన చట్టసభల్లో అత్యధిక బిల్లులు మూజువాణి ఓటుతోనే నెగ్గుతాయి.

మూజువాణి అంటే అందరికీ తెలిసిందే. స్పీకరు ప్రతిపాదన చదువుతారు, ఒప్పుకున్నవాళ్లు అవునంటారు, కాదన్నవాళ్లు కాదంటారు, ఏ గొంతు పెద్దదో స్పీకరు నిర్ణయిస్తారు. ఎవరైనా పట్టుబట్టి డివిజన్ అడిగితే తప్ప పేర్లు నమోదు కావు. దీని పర్యవసానం ఎంతదాకా వెళ్తుందో వరంగల్లు వాళ్లకు వేరే చెప్పనవసరం లేదు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ తెలంగాణ బిల్లును తిరస్కరించింది మూజువాణి ఓటుతోనే. మూడు వారాలు తిరగకుండా ఫిబ్రవరి 18న లోకసభ అదే బిల్లును ఆమోదించింది కూడా మూజువాణి ఓటుతోనే. అప్పుడు ప్రత్యక్ష ప్రసారం కూడా ఆగిపోయింది. ఇంత నెత్తురు, ఇన్ని ప్రాణాలు ధారపోసిన ఒక నిర్ణయానికి, ఏ సభ్యుడు ఏమన్నాడో పేరు పేరునా చెప్పే జాబితా చరిత్రకు మిగలలేదు. సీపీఐ తెలంగాణను సమర్థించింది, సీపీఎం రాష్ట్ర విభజనను వ్యతిరేకించింది అని పార్టీల వైఖరి చెప్పగలం. సభ్యుల పేర్లు చెప్పలేం.

రాజ్యాంగ సవరణ బిల్లుల విషయం వేరు. వాటికి ప్రత్యేక మెజారిటీ కావాలి కనుక లెక్కపెట్టి తీరాలి. అందువల్లనే స్త్రీల రిజర్వేషన్ బిల్లుకు సంబంధించి మన దగ్గర స్పష్టమైన అంకెలున్నాయి. 2010 మార్చి 9న రాజ్యసభలో అనుకూలంగా 186, వ్యతిరేకంగా ఒకటి. 2023 సెప్టెంబరు 20న లోకసభలో 454, వ్యతిరేకంగా రెండు. మర్నాడు రాజ్యసభలో 214, వ్యతిరేకంగా ఎవరూ లేరు. 2023లో వ్యతిరేకించిన ఇద్దరిలో ఒకరు మన హైదరాబాదు సభ్యుడు అసదుద్దీన్ ఒవైసీ. వెనుకబడిన కులాల స్త్రీలకు, ముస్లిం స్త్రీలకు అందులో వాటా లేదన్నది ఆయన అభ్యంతరం. ఆయనతో మనం ఏకీభవించవచ్చు, ఏకీభవించకపోవచ్చు. కానీ ఆయన ఎటు ఓటేశారో, ఎందుకు వేశారో దేశానికి తెలుసు. ఆయనను నిలదీయవచ్చు, ఆయన ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. నమోదైన ఓటు వల్ల వాదన నిలబడుతుంది. కేకల్లో కలిసిపోయిన ఓటు వల్ల వాదన కూడా కలిసిపోతుంది.

వామపక్షాల సమష్టి రికార్డు సంగతికి వస్తే, స్త్రీల చట్టాల విషయంలో అది గౌరవించదగ్గదే. 1952లో వరంగల్లు తన మొదటి లోకసభ సభ్యుడిగా పీడీఎఫ్ తరఫున పెండ్యాల రాఘవరావు గారిని పంపింది. ఆ లోకసభే 1954లో ప్రత్యేక వివాహ చట్టాన్ని, 1955లో హిందూ వివాహ చట్టాన్ని, 1956లో వారసత్వ చట్టాన్ని చేసింది. కమ్యూనిస్టు సభ్యులు ఆ సంస్కరణల పక్షాన నిలిచారు. 1996లో స్త్రీల రిజర్వేషన్ బిల్లును పరిశీలించిన సంయుక్త కమిటీకి సీపీఐ సభ్యురాలు గీతా ముఖర్జీ అధ్యక్షత వహించి, మూడు నెలల్లోపే నివేదిక ఇచ్చారు. వెనుకబడిన కులాల స్త్రీలకు కూడా తగిన సమయంలో రిజర్వేషన్ విస్తరించే విషయం పరిశీలించాలని ఆ నివేదికలోనే ఉంది. 2010లోను, 2023లోను వామపక్ష సభ్యులు బిల్లుకు అనుకూలంగానే ఓటేశారు.

అయితే ఇదంతా పార్టీల రికార్డు. ఒక సభ్యురాలి రికార్డు ఏది అని అడిగితే కమ్యూనిస్టు మిత్రులు చెప్పే జవాబు నాకు తెలుసు. "మాకు వ్యక్తిగత రికార్డు ఉండదు. ఓటు పార్టీది. పార్టీ చర్చించి నిర్ణయిస్తుంది, సభ్యులు అమలు చేస్తారు" అంటారు. ఈ వాదనలో నిజాయితీ ఉంది. డబ్బుకు, పదవికి ఓటమ్ముకునే సభ్యులను చూశాక ఆ క్రమశిక్షణ విలువ కూడా తెలుస్తుంది. 1984లో శాసనసభ్యులను కాపాడుకోవడానికి ఊళ్లకు ఊళ్లు తిప్పిన రోజుల్లో కూడా వామపక్ష సభ్యుల విషయంలో ఎవరికీ అనుమానం రాలేదు. కానీ ఓటు పార్టీదే అయితే, పార్టీ నిర్ణయం జరిగే గదిలో ఎవరున్నారన్నది అసలు ప్రశ్న అవుతుంది. సీపీఎం 1964లో ఏర్పడింది. దాని పొలిట్‌బ్యూరోలోకి మొదటి స్త్రీ, బృందా కారత్, వచ్చింది 2005లో. అంటే నలభై ఒక్క ఏళ్లు. స్వరాజ్యం సభలో ఉన్న కాలమంతా ఆ అత్యున్నత గదిలో ఒక్క స్త్రీ కూడా లేదు. ఆమె చెయ్యి ఎత్తినప్పుడు ఆ చేతి వెనక ఉన్న నిర్ణయం పురుషులు చేసినదే.

ఇది కొత్త విషయం కాదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర"లో, సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు, స్వరాజ్యంతో సహా, తమ గొంతుతో మాట్లాడారు. పోరాటం ఆగాక తమను ఎలా ఇళ్లకు పంపించారో, నిన్నటిదాకా దళంలో ఉన్న మనిషి తెల్లారేసరికి వంటింట్లో ఎలా మిగిలిందో వాళ్లు చెప్పుకున్నారు. స్వరాజ్యం ఇంటికే పరిమితం కాలేదు, సభ దాకా వచ్చారు. కానీ ఇంటికి పంపించిన చేతులే సభలో ఎటు ఓటెయ్యాలో కూడా నిర్ణయిస్తే, ఆ రెండు సందర్భాలకు తేడా ఎంత?

ఇప్పుడు ఈ పరిస్థితి వామపక్షాలకే పరిమితం కాదు. 1985లో వచ్చిన 52వ రాజ్యాంగ సవరణ, మనం ఫిరాయింపుల నిరోధక చట్టం అంటున్నది, విప్‌ను ధిక్కరించి ఓటేస్తే సభ్యత్వం పోయే ఏర్పాటు చేసింది. అది అమల్లోకి వచ్చేనాటికి స్వరాజ్యం ఉన్న సభ రద్దయింది. ఆమెను కట్టిపడేసింది పార్టీ క్రమశిక్షణ మాత్రమే, చట్టం కాదు. ఆ తర్వాత వచ్చిన ప్రతి స్త్రీ చేతికి రెండూ ఉన్నాయి. విప్‌ను ప్రభుత్వం నిలబడుతుందా పడిపోతుందా అన్న ఓట్లకే పరిమితం చేయాలని 1990లో దినేష్ గోస్వామి కమిటీ చెప్పింది. 1992లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థిస్తూనే అలాంటి పరిమితి మంచిదని సూచించింది. పార్టీలు వినలేదు. వినకపోవడంలో వాళ్లకు భేదాభిప్రాయాలు లేవు.

దీనివల్ల స్త్రీలకు ప్రత్యేకంగా నష్టం ఏమిటని అడగవచ్చు. ఒక ఉదాహరణ చెప్తాను. పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమానంగా పుట్టుకతో ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇస్తూ మన రాష్ట్రం చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. దేశం మొత్తానికి అలాంటి చట్టం రావడానికి 2005 దాకా, ఇరవై ఏళ్లు పట్టింది. ఆ హక్కు గురించి ఏ ఊళ్లో అడిగినా "రామారావు ఇచ్చిండు" అంటారు. ఆయన చొరవను ఎవరూ కాదనరు. కానీ చట్టం ఒక నాయకుడి దానంగా గుర్తుండిపోతే, దాన్ని అడిగిన స్త్రీలు, దానికోసం సభలో మాట్లాడినవాళ్లు, లోపల లోపల గొణిగినవాళ్లు అందరూ చెరిగిపోతారు. రేపు ఆ హక్కును ఎవరైనా పలచన చేస్తే ఎవరిని అడగాలో కూడా తెలియదు. హక్కు దానమైతే అడగడానికి ఉండదు, దండం పెట్టడానికే ఉంటుంది.

2023 చట్టం లోకసభలో, శాసనసభల్లో మూడోవంతు స్థానాలు స్త్రీలకు కేటాయించింది. దాని అమలును జనగణనకు, ఆ తర్వాతి నియోజకవర్గాల పునర్విభజనకు ముడిపెట్టారు. ఆ ముడి గురించి మనం చాలా రాశాం. ఒప్పుకోలేదు, ఒప్పుకోం కూడా. కానీ ఆ రోజు వచ్చినప్పుడు ఏం జరుగుతుందో ఇప్పుడే ఆలోచించాలి. 2023 డిసెంబరులో తెలంగాణ శాసనసభకు ఎన్నికైన 119 మందిలో స్త్రీలు పదిమంది. వాళ్లలో ముగ్గురు, ములుగు, వరంగల్ తూర్పు, పాలకుర్తి స్థానాల నుంచి, మా పాత జిల్లా వాళ్లే. 119లో మూడోవంతు అంటే నలభై. పది నలభై కావడం చిన్న విషయం కాదు, దానికోసం ముప్ఫై ఏళ్లుగా కొట్లాడుతున్నాం. అయితే ఆ నలభై మంది ఎటు ఓటేశారో నమోదు కాకపోతే, ఎటు వెయ్యాలో వాళ్లు లేని గదిలో నిర్ణయమైతే, హనుమకొండలో లేచి నిలబడి మాట్లాడిన ఆ వార్డు సభ్యురాలికి, వాళ్లకు తేడా హోదాలోనే ఉంటుంది. పంచాయతీల్లో సగం స్థానాలు స్త్రీలకిచ్చి సర్పంచ్ భర్తను కుర్చీలో కూర్చోబెట్టిన అనుభవం మనకుంది. శాసనసభలో ఆ భర్త స్థానంలో విప్ ఉంటుంది.

అందువల్ల సీట్ల సంఖ్యతో పాటు మనం మరికొన్ని అడగాలి. స్త్రీల, దళితుల, ఆదివాసుల, మైనారిటీల హక్కులకు సంబంధించిన ప్రతి బిల్లు మీద పేర్లు నమోదయ్యే ఓటింగు జరగాలి. సభలో ఒక్కరైనా డివిజన్ అడగవచ్చు కనుక, మన దగ్గరికి ఓట్లకోసం వచ్చే ప్రతి అభ్యర్థినీ "నువ్వు అడుగుతావా" అని ప్రశ్నించాలి. విప్‌ను విశ్వాస పరీక్షలకు, బడ్జెట్‌కు పరిమితం చేయాలి. బిల్లుల మీద తమ వైఖరి నిర్ణయించే కమిటీల్లో స్త్రీలు ఎంతమందో ప్రతి పార్టీ చెప్పాలి. ఇందులో వామపక్షాలు ముందు నిలవాలని అడుగుతున్నాం. మిగతా పార్టీలను వదిలేసి వాళ్లను అడగడం అన్యాయమని వాళ్లు అనుకోవచ్చు. అడిగితే వినే అవకాశం ఉన్నవాళ్లనే ముందుగా అడుగుతాం.

మన పని కూడా కొంత ఉంది. వచ్చే సంచిక నుంచి పాత వరంగల్ జిల్లా శాసనసభ్యులు, ఆడామగా అందరూ, స్త్రీలకు సంబంధించిన అంశాల మీద సభలో ఏం మాట్లాడారో, ఏం అడిగారో, ఎప్పుడు మౌనంగా ఉన్నారో ఈ పత్రికలో ఒక పేజీలో ఇవ్వబోతున్నాం. స్వరాజ్యం, కమలాదేవి గార్ల సభా ప్రసంగాలను సంపుటాల నుంచి తీసి రాసే పనికి ఇద్దరు యువ పరిశోధకులు ముందుకొచ్చారు. ఆసక్తి ఉన్న పాఠకులు వాళ్లతో చేరవచ్చు.

సమావేశం ముగిసి అందరూ బస్సుకు బయలుదేరుతున్నప్పుడు ఆ వార్డు సభ్యురాలు నా దగ్గరికి వచ్చి, "ఈసారి సదివి చెప్తేనే పెడ్త మేడం" అంది. తీర్మానం పుస్తకం ముందు కూర్చుని ఆమె ఆ మాట అన్నరోజు ఆ ఊరి పంచాయతీలో కొంత అలజడి తప్పదు. శాసనసభలో కూడా అదే మాట అనగలిగే స్త్రీలు మనకు కావాలి. అన్నారా లేదా అన్నది పేరుతో సహా నమోదై ఉండాలి.